దాలమ్మ తీసిన పిడికెడు

భావనపాడు చేపలపేటలో కుసుమకుమారి అని అడిగితే ఎవరూ చెప్పలేరు. బైబిలమ్మ అని అడగాలి. అప్పుడు పెద్దా చిన్నా అందరికీ తెలుస్తుంది. గురువారం గురువారం టెక్కలిలో ఆటో ఎక్కి, నౌపడ ఉప్పుమళ్ళు దాటి, పేట మొదట్లో దిగి, నల్లగొడుగు విప్పుకుని వచ్చేది ఆవిడే. చేతిసంచిలో అట్ట ఊడిన బైబిలు, పాటల పుస్తకం, ఒక ఖాళీ గుడ్డసంచి. ముప్పై ఏళ్ళ పైచిలుకు ఇదే వరస. ఈ మధ్యలో గొడుగులు ఎన్నో మారాయి గానీ మనిషి మారలేదు.

ఆవిడ చేసే పనికి బైబిలు స్త్రీ అని పేరు. ఈ కాలం పిల్లలకి చెబితే అదేం ఉద్యోగం అని నవ్వుతారు. ఇంటింటికీ వెళ్ళి ఆడవాళ్ళ దగ్గర కూర్చుని ఏసుప్రభువు సంగతి చెప్పడం, రోగమొస్తే ప్రార్థన చెయ్యడం, ఏడుస్తుంటే పక్కనుండడం, అంతే. మిషను దొరసానులు ఉన్న రోజుల్లో పుట్టిన కొలువు. దొరసానులు వెళ్ళిపోయారు, కొలువు మిగిలింది. కుసుమకుమారి పెనిమిటి ఆస్పత్రిలో కాంపౌండరుగా ఉంటూ, కూతురు అనూరాధ ఇంకా పలక పట్టకముందే పోయాడు. దిక్కులేక ఈ పనిలో చేరింది. దేవుడు పిలిస్తే వచ్చానని తరవాత తరవాత చెప్పుకుంది గానీ, ముందు పిలిచింది ఆకలే. అందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. ఏడాది తిరిగేసరికి పని ఆవిడని పట్టేసుకుంది. ఇంక వదల్లేదు.

మొదట్లో పేటలో ఆవిడకి దక్కిన మర్యాద అంతా ఇంతా కాదు. మొగవాళ్ళు తిట్టారు. ముసలమ్మలు చీపురు తిరగేశారు. ఆవిడది ఏ వాడో ఆరా తీసి, కూర్చున్న చోట నీళ్ళు చల్లుకున్నారు. ఒక ఏడు వేట సరిగ్గా సాగకపోతే ఇదంతా ఈ మనిషి రాకపోకల వల్లే, గంగమ్మ తల్లికి కోపమొచ్చిందని గొడవ చేశారు.

అయినా ఆ రోజులే బాగుండేవంటుంది కుసుమకుమారి. తిట్టినవాడు కనీసం విన్నాడు కదా. వినబట్టే కోపమొచ్చింది. కోపమొచ్చినవాడితో వాదించొచ్చు, వాడి బిడ్డకి జ్వరమొస్తే వాడే కబురు పెడతాడు. ఇప్పుడు ఎవరికీ కోపం రాదు. ఫ్యాను కింద ప్లాస్టిక్ కుర్చీ వేస్తారు. "ఓకే అమ్మా", "మంచిదే అమ్మా" అంటారు. తల మాత్రం ఫోన్లోంచి లేవదు. మొగపిల్లలు గుజరాత్ బోట్లకి పోతారు, వచ్చి నాలుగు రోజులు పడుకుని మళ్ళీ పోతారు. వాళ్ళు గంగమ్మ గుడి ముఖం కూడా చూడరు. ఆ సంగతి పేట ముసలమ్మలు కుసుమకుమారికే చెప్పుకుని ఏడుస్తారు, చూడండి మరి.

పేటలో డిగ్రీ చదివిన పిల్ల నీలవేణి. చక్కని పిల్ల, పెట్టుపోతల పిల్ల. ఒకసారి టీ ఇస్తూ నవ్వుతూనే చెప్పింది. "మామ్మా, ఏటీ అనుకోకు. నాకు మీ దేవుడి మీద కోపం లేదు, మా అమ్మోరి మీదా కోపం లేదు. అవసరం రావట్లేదు, అంతే." చెంప మీద కొట్టినా కుసుమకుమారికి అంత బాధ ఉండేది కాదు. టీ బాగుందమ్మా అని చెప్పి లేచి వచ్చేసింది.

ఊళ్ళోవాళ్ళ మాట దేనికి, కన్నకూతురే ఉంది. అనూరాధ విశాఖపట్నంలో రక్తపరీక్షల ల్యాబులో చేస్తుంది. ఆదివారం ఒక్కటే సెలవు. ఆ పూట బట్టలు ఉతుక్కుని పడుకుంటుంది. "గుడికెళ్ళావా అమ్మా?" అని తల్లి ఫోన్లో అడిగితే, "ఏసుప్రభువు మంచోడే అమ్మా, మా సూపర్‌వైజర్ లాగ హాజరు ఎయ్యడు" అంటుంది. మొదట్లో తల్లి మందలించేది. తరవాత అడగడం మానేసింది. అడక్కపోతే కూతురు అబద్ధం చెప్పనక్కర్లేదు కదా అని.

ఇన్నిటి మధ్యా కుసుమకుమారికి ఒక్క ఆశ ఉండేది. ఆ ఆశ పేరు దాలమ్మ.

దాలమ్మ నీలవేణికి నాయనమ్మ. వయసులో ఉన్నప్పుడు చేపల తట్ట నెత్తిన పెట్టుకుని టెక్కలి సంత దాకా నడిచి అమ్ముకొచ్చిన మనిషి. రెండు పక్కలా ముక్కుపుడకలు, నోట్లో ఎప్పుడూ చుట్ట. నిప్పు కొన లోపలికి పెట్టుకుని అడ్డపొగ తాగుతుంది. ఆ చుట్ట నోట్లో ఉండగానే మాట్లాడుతుంది, నవ్వుతుంది, తిడుతుంది. పేట మొత్తం మీద బైబిలమ్మని మొదట గుమ్మంలోకి రానిచ్చింది ఆవిడే.

క్రైస్తవుల ఇళ్ళలో ఒక ఆనవాయితీ ఉంది. ఎసట్లో బియ్యం పోసేముందు ఇల్లాలు ఒక పిడికెడు తీసి వేరే కుండలో వేస్తుంది. అది దేవుడి పాలు, అంటే దేవుడి వాటా. ఆదివారం ఆ బియ్యం గుడికి చేరతాయి, అక్కణ్ణించి లేనివాళ్ళకి పోతాయి. పనిలో చేరిన కొత్తలో కుసుమకుమారి మాటల్లో మాటగా ఈ సంగతి దాలమ్మకి చెప్పింది. దాలమ్మ చుట్ట పీల్చుకుంటూ వింది. మరుసటి గురువారం వెళ్ళేసరికి లోపల్నుంచి చిన్న పిడత పట్టుకొచ్చి, "సంచి పట్టు" అంది. పిడతలో బియ్యం.

కుసుమకుమారికి ఆ రోజు కాళ్ళు నేల మీద ఆనలేదు. అడక్కుండానే, బతిమాలకుండానే, దేవుడు ఒక ఇంట్లో అడుగు పెట్టాడు. అది మొదలు దాలమ్మ ఏ వారమూ తప్పలేదు. తుఫాను కొట్టి పైకప్పు లేచిపోయిన వారం తప్పలేదు. కొడుకు సముద్రంలో పోయిన వారం కూడా, ఏడ్చి ఏడ్చి వాచిన మొహంతో పిడత తెచ్చి సంచిలో ఒంపింది. ప్రతి ఆదివారం టెక్కలి గుడిలో పెద్ద గంగాళంలో ఆ బియ్యం పోస్తూ కుసుమకుమారి "ఇది చేపలపేట పిడికెడు" అని నలుగురికీ వినిపించేలా చెప్పేది. గర్వమే అనుకోండి. ఆ ఒక్క గర్వమైనా లేకపోతే మనిషి ఎలా బతుకుతుంది?

కులపెద్దలకి జడిసి పైకి చెప్పలేకపోతోంది గానీ దాలమ్మ లోపల ఏనాడో నమ్మేసిందని కుసుమకుమారి లెక్క. నోరు తెరిచి మాత్రం ఎన్నడూ అడగలేదు. అడిగితే బెదురుతుందేమో, ఉన్నది కూడా పోతుందేమో. రోజూ తెల్లవారుజామున ప్రార్థనలో మాత్రం కూతురి పేరు కంటే ముందు దాలమ్మ పేరే ఎత్తేది.

రెండువేల పదిహేడు చలికాలంలో ఈ లెక్క తేల్చుకోవాల్సి వచ్చింది. సంఘానికి కొత్తగా వచ్చిన పాస్టరు ధనరాజు చిన్నవాడే, నెమ్మదస్తుడు. ఆరాధన అయ్యాక కుసుమకుమారిని పక్కకి పిలిచి కుర్చీ చూపించాడు. కుర్చీ చూపించినప్పుడే ఆవిడకి అనుమానం వచ్చింది.

"అమ్మగారూ, మీకు తెలియనిదేముంది. మన గుడిలోనే సగం బెంచీలు ఖాళీ. మన పిల్లలే రావట్లేదు. వచ్చినవాళ్ళు ప్రసంగం అయ్యేదాకా సెల్లు నొక్కుకుంటున్నారు. ఉన్న ఓపిక ఇక్కడ పెడదాం, బయట ఊళ్ళ పని ఆపేద్దాం అంటున్నారు పెద్దలు. చేపలపేట పని ఈ క్రిస్మస్‌తో ఆపమంటున్నారు."

"ఆపడమేటి అయ్యగారూ? అక్కడ మనుషులున్నారు."

"ఎవరమ్మగారూ?" పాపం, ఎత్తిపొడుపుగా అడగలేదు అతను. నిజంగానే అడిగాడు. "ఒక్కరు చాలు. ఒక్కరు గుడిలో నిలబడి నేను నమ్మాను అని సాక్ష్యం చెబితే పెద్దలతో నేను పోట్లాడతాను. లేకపోతే ఏ మొహం పెట్టుకుని అడగను?"

"ఉన్నారయ్యగారూ, ఒకరున్నారు" అంది కుసుమకుమారి.

గురువారం వెళ్ళేసరికి దాలమ్మ వాకిట్లో వల పరిచి ఎండుచేపలు తిరగేస్తోంది. బైబిలమ్మని చూసి చెయ్యి దులుపుకుని లేచింది. నీళ్ళిచ్చింది. లోపలికెళ్ళి పిడత తెచ్చి గుడ్డసంచిలో బియ్యం ఒంపింది. కుసుమకుమారి పుస్తకం తియ్యలేదు. దాలమ్మని అక్క వరసలో అప్పా అని పిలవడం ఆవిడకి అలవాటు.

"అప్పా, నిన్నొకటి అడగాల."

"అడుగు. నీకు అడ్డేటి?"

"నువ్వు ప్రభువుని నమ్మినావు కదా. ఆ మాట ఒక్కసారి మా గుడికొచ్చి నలుగురి ముందర సెప్పగలవా?"

దాలమ్మ నోట్లోంచి చుట్ట తీసింది. "నానేటి నమ్మినాను?"

"మరి ఇన్నేళ్ళ నుంచి పిడికెడు తీస్తన్నావు కదప్పా."

"తీస్తన్నాను. నీకు."

"నాక్కాదు, దేవుడికి."

"దేవుడు తింతాడేటే?" అని దాలమ్మ నవ్వింది. నవ్వి, ఎదురుగా ఉన్న మనిషి మొహం చూసి నవ్వు ఆపేసింది. పక్కన కూలబడి నెమ్మదిగా చెప్పుకొచ్చింది. "మా ఒడ్డున ఓ పద్దతుంది, ఇన్నేళ్ళు తిరిగినావు, నీకు తెల్దేటి? మొగుడు పోయిన ఆడది సేపలెట్టమని నోరు తెరిసి అడగదు. అడిగితే పరువు తక్కువ. తట్ట ఇసకలో ఎట్టీసి, గంగమ్మ తల్లి పాలు అని ఊరుకుంటాది. తెప్ప లాగినోళ్ళు తలో పిడికెడూ అందులో ఏసి ఎళ్ళిపోతారు. ఏసినోడు ఇచ్చినానని అనడు, తీసుకున్నది తీసుకున్నానని అనదు. నా మొగుడు పోనాక నానూ అలగే ఎట్టినాను తట్ట. నువ్వు సంకలో పసిగుంటనెట్టుకుని ఎండలో పడి వచ్చినావు. మొగుడు లేని మనిసివి. దేవుడి పేరు సెప్పి పిడికెడు బియ్యమన్నావు. పాపం, నోరు తెరిసి అడగలేకపోతన్నాది, ఎంత మర్యాద గల మనిసి అనుకున్నాను."

కుసుమకుమారి బియ్యం సంచి వైపు చూసుకుంది. ఆవిడకి ఎక్కడ తగిలిందంటే, దాలమ్మ అనుకున్నది తప్పు కూడా కాదు. ఆ మొదటేడు ఆవిడ ఇంట్లో నిజంగానే బియ్యం ఉండేవి కావు. పిల్లకి గంజి కాచి పోసి, ఈ బియ్యం ఒక్క గింజ ముట్టకుండా గుడికి మోసింది. అనూరాధకి ఆ గంజి ఇప్పటికీ గుర్తే. ఆకలని తెలిసి పక్క మనిషి పెట్టిన బియ్యాన్ని విశ్వాసమనుకుని గంగాళంలో పోసి, పోస్తూ గొప్పగా చెప్పుకుంది కూడా.

"మరి నేను సెప్పిన మాటలన్నీ?" అని అడిగింది చివరికి.

"ఇన్నాను కదా. నువ్వు సెప్తంటే బాగుండేది. నువ్వు ఎళ్ళిపోనాక ఇల్లు సప్పగుండేది."

"అందులో ఏటి గురుతుంది అప్పా?"

దాలమ్మ నుదురు చిట్లించి నిజంగా ఆలోచించింది. ఎండుచేపల మీద వాలిన కాకిని అదిలించింది. మళ్ళీ ఆలోచించింది. "పసువుల సాలలో పుట్టినాడు, ఆ పిల్లోడు. మరేటో, ఓ గొర్రి తప్పిపోనాది. దొరికినాదా మరి, అది?"

అప్పుడు కుసుమకుమారి ఏడ్చింది. మొగుడు పోయినప్పుడు అందరి ముందూ ఏడవని మనిషి, చేపలపేట వాకిట్లో పైట నోట్లో కుక్కుకుని ఏడ్చింది. దాలమ్మ కంగారుపడి వీపు నిమిరింది. ఏం జరిగిందో కక్కించింది. పెద్దలు పని ఆపేస్తున్నారని, క్రిస్మస్ ముందు ఆదివారం ఎవరో ఒకరు గుడిలో నిలబడి నమ్మానని చెప్పకపోతే ఇంక గురువారాలు ఉండవని విని తెల్లబోయింది.

"అంటే నువ్వింక రావేటి?"

"పంపరప్పా."

"దానికేటి ఏడుపు? నాను నిలబడతాను. ఏటి సెప్పాలో సెప్పు, బట్టీ పట్టీసి అప్పజెప్పీస్తాను."

"వద్దు. నమ్మకుండా నమ్మినానని సెప్పకూడదు."

"ఎవలికి తెలుస్తాది?"

"నాకు తెలుస్తాది" అని కుసుమకుమారి లేచింది. బియ్యం సంచి ఒళ్ళో పెట్టుకుని ఆటోలో కూర్చుంది. అవి ఎవరి బియ్యమో, ఎక్కడ పొయ్యాలో ఆవిడకి తెలియలేదు. ఇంటికి తెచ్చి అటక మీద పెట్టేసింది.

క్రిస్మస్ ముందు ఆదివారం సాక్ష్యాలు చెప్పుకునే ఆదివారం. చేపలపేటలో ఎవరూ లేరయ్యగారూ, నేను పొరపాటు పడ్డాను అని లేచి చెప్పేద్దామని మనసు గట్టి చేసుకుని వెళ్ళింది కుసుమకుమారి. పాటలయ్యాయి. రంగుకాగితాల తోరణాల కింద ముసలివాళ్ళు ముందు బెంచీల్లో, నలుగురైదుగురు కుర్రాళ్ళు వెనక గోడకి ఆనుకుని ఉన్నారు. ధనరాజు ఆవిడ వైపు చూసి, "చేపలపేట నుంచి ఎవరైనా ఉన్నారా?" అని అడిగాడు. ఆవిడ లేవబోయింది.

ఆవిడకంటే ముందు ఆడవాళ్ళ చివరి వరసలోంచి దాలమ్మ లేచింది. పెట్టెలో చీర కట్టుకుంది, మడతలు ఇంకా పోలేదు. ముక్కుపుడకలు తోమి తళతళలాడించింది. నోట్లో చుట్ట లేకపోవడంతో ఆ మొహం వేరేవాళ్ళ మొహంలా ఉంది. ఎలా వచ్చిందో, ఎవరిని దారి అడిగిందో. కుసుమకుమారి చెయ్యి అడ్డంగా ఊపింది. దాలమ్మ చూడనట్టే ముందుకి నడిచి అందరికీ దండం పెట్టింది.

"నాను దాలమ్మని. సేపలమ్ముకుని బతికినాను. ఈయమ్మ మా ఇంటికి ముప్పై ఏళ్ళ నుంచి వస్తన్నాది. ఎండనక, వాననక. నా కొడుకు సముద్రంలో పోతే నా సుట్టాలందరూ రెండ్రోజులుండి ఎళ్ళిపోనారు. ఈయమ్మ ఎళ్ళలేదు. నాను తినీదాకా తాను తిన్లేదు. ఈయమ్మ అబద్ధమాడే మనిసి కాదు. ఈయమ్మ ఏ దేవుణ్ణి నమ్మినాదో, నానూ ఆ దేవుణ్ణి నమ్మినాను."

గుడంతా ఒక్కసారి లేచింది. చప్పట్లు, హల్లెలూయలు. ముందు బెంచీలో ముసలాయన కళ్ళు ఒత్తుకున్నాడు. ఎంత మోసం చూడండి, ఆ చప్పట్లలో కుసుమకుమారికి కూడా ఆశ పుట్టింది. ఏమో, ఎవరికి తెలుసు, చెబుతూ చెబుతూ ఉండగా నిజంగానే లోపల ఏమన్నా కదిలిందేమో. అలా జరగదా? జరగకూడదా? ఆవిడ రెండు చేతులూ జోడించి కళ్ళు మూసుకుంది.

ధనరాజు దాలమ్మ దగ్గరికి వచ్చాడు. "అమ్మా, దేవుడికి స్తోత్రం. మరి మీరు బాప్తిస్మం తీసుకుంటారా?"

దాలమ్మ పక్కగా సంఘ పెద్దలు కూర్చున్న బెంచీ వైపు తిరిగి, బేరం ఆడే మనిషిలా సూటిగా అడిగింది. "తీసుకుంటే ఈయమ్మ పని ఉంచుతారా?"

చప్పట్లు ఆగిపోయాయి. వెనక గోడ దగ్గర ఒక కుర్రాడు కిసుక్కుమన్నాడు. ధనరాజు చేతిలో పుస్తకం మూసి, మళ్ళీ తెరిచి, ఏదో ఒక పాట నంబరు చెప్పాడు. జనం పాట అందుకున్నారు. ఆ పాటలోనే కుసుమకుమారి వెళ్ళి దాలమ్మ చెయ్యి పట్టుకుని బయటికి నడిపించుకొచ్చింది.

రోడ్డు మీద నౌపడ ఆటో కోసం ఇద్దరూ నిలబడ్డారు. దాలమ్మ రొంటిని దోపుకున్న చుట్ట తీసి వెలిగించుకుంది.

"తప్పు సెప్పినానేటే?"

"లేదప్పా. బాగా సెప్పినావు."

"మరి ఉంచుతారంటావా?"

"ఉంచుతారు" అంది కుసుమకుమారి. దాలమ్మ ధీమాగా ఆటో ఎక్కి, గురువారం పులుసు వండుతాను, తినకుండా రా అని కేకేసి చెప్పి వెళ్ళిపోయింది.

ఉంచలేదు. ఎవరూ కటువుగా మాట్లాడలేదు, ఎవరూ ఆవిణ్ణి తప్పు పట్టలేదు. క్రిస్మస్ రోజు ఆరాధనలో ముందుకి పిలిచి శాలువా కప్పారు, ఆవిడ చేసిన సేవ మరువలేనిదన్నారు, ఫోటో తీసి సంఘం వాట్సాప్ గ్రూపులో పెట్టారు. అనూరాధ ఆ ఫోటో కింద దండం బొమ్మ పెట్టింది.

సాయంత్రం ఇంటికొచ్చి శాలువా మడత పెట్టి, మంచం పక్కన మోకరించింది. అలవాటు చొప్పున ముందు దాలమ్మ పేరే ఎత్తింది. ఎత్తి ఆగిపోయింది. ఇన్నేళ్ళూ ఆ పేరు పక్కన ఏం అడగాలో ఆవిడ ఒక్కనాడూ వెతుక్కోలేదు. ఇప్పుడు ఎంతసేపు తల వంచుకున్నా ఒక్క మాట రాలేదు. మోకాళ్ళు తిమ్మిరెక్కాయి. చివరికి ఇలా అంది.

"ప్రభువా, దాలమ్మ నా దగ్గరికొచ్చి ఆగిపోయింది. నన్ను దాటి నీ దగ్గరికి రాలేదు."